దెబ్బలు తిన్నోళ్ళే తేనె తెచ్చినారు

"అవ్వా, మామతో మాటలు మానేసినావంట గదా. ఏదో తేనె సీసా గొడవంట, ఏంది అది?"

ఎవరు చెప్పినారు నీకు, మీ అమ్మేనా? ఫోన్లో చెప్పి ఉంటాదిలే. మా అమ్మకు చాదస్తం ముదిరింది అని గూడా చెప్పి ఉంటాది. చెప్పుకోనీ. కూచో ఇట్ల, ఆ కందుల చేట పక్కకు జరిపి కూచో. నువ్వు మార్కాపురంలో టీచరు చదువు చదువుతాండావు గదా, నీకు చెప్పాల్సిందే ఇది. మానేసినా, నిజమే. కడుపున పుట్టినోడితోనే మానేసినా. కోడలు పెడతాంది గాబట్టి అన్నం తింటాండా. వాడొచ్చి 'అమ్మా' అంటే మాత్రం గోడ దిక్కు తిరుగుతాండా.

మన చరణ్ గాడు, మీ మామ కొడుకు, తొమ్మిదో తరగతి గదా. ఒకరోజు సాయంత్రం మూతి పగిలి ఇంటికొచ్చినాడు. పెదవి వాచింది, చొక్కా మీద రకతం. ఏందిరా ఇది అంటే, గూడెం పిల్లోడు తోసినాడు అన్నాడు. మల్లన్న అని, చెంచోళ్ళ పిల్లోడు, మనూరి బడి పక్కన హాస్టల్లో ఉండి చదువుతాడు, వీడి తరగతే. ఇంక మీ మామను చూడాల, ఎట్ల ఎగిరినాడో. కాఫీ గూడా తాగకుండా బండెక్కి హెడ్మాస్టరు ఇంటికే పోయినాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, మనవడి మూతికి పసుపు పెట్టుకుంటా ఆ పిల్లోణ్ణి నాలుగు మాటలు తిట్టినా.

హెడ్మాస్టరు ఆ పిల్లోడి నాయనకు కబురు పెట్టినాడు. లింగయ్య ఆయన పేరు. గిద్దలూరు దిక్కు అడివిలో గూడెం వాళ్ళది. పాపం పొద్దున్నే అడివిలో నడిచి, రోడ్డు మీదికొచ్చి ఆటో పట్టుకోని వచ్చినాడు. వచ్చినోడు ఏం తెచ్చినాడో తెలుసా? రెండు సీసాల తేనె. ఒకటి హెడ్మాస్టరుకు, ఒకటి మీ మామకు.

వాళ్ళకు అది అలవాటమ్మీ. మా అత్త ఉన్నప్పుడు గూడా తెచ్చేవాళ్ళు, తేనె, బంక, కుంకుళ్ళు. మా అత్త సీసా ఖాళీ చేసి నిండా జొన్నలు పోసి పంపేది. తెచ్చిన ఏనం, గిన్నె గానీ సీసా గానీ, ఖాళీగా పంపేది కాదు, అంత పట్టింపు ఆమెకు. ఆమె నన్ను ఎన్ని మాటలు అనిందో అవి చెప్పుకుంటే తెల్లారుతుంది గాని, ఈ విషయంలో మాత్రం మంచిది. అది ఇచ్చిపుచ్చుకోవడం. ఇది అది కాదు. వాళ్ళను ఫారెస్టోళ్ళు పిలిచినా, పోలీసోళ్ళు పిలిచినా, పెద్దోళ్ళు పిలిచినారంటే మనవల్ల ఏదో తప్పు జరిగే ఉంటాది అని ముందే అనుకుంటారు. ఆ తప్పు ఏందో అడగరు. ఏదో ఒకటి పట్టుకోనొచ్చి తల వంచుకోని నిలబడతారు. బడోళ్ళు పిలిచినా అంతే.

మీ మామ ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, "పాపం మంచోడే, కాళ్ళ మీద పడబోయినాడు, పోనీలే అని వదిలేసినా" అన్నాడు. వదిలేసినాడంట. ఎంత పెద్ద మనసో చూడు.

ఆదివారం నాడు చరణ్ గాడు, వాడి జతగాళ్ళు అరుగు మీద కూచోని ఫోన్ చూసుకోని ఒకటే నవ్వు. నేను మజ్జిగ ఇయ్యను పోయినా. ఏందిరా అంత నవ్వు అని వంగి చూస్తే, ఏం చెప్పమంటావు, వీడియో అది, ఆ మల్లన్నను చొక్కా ఇప్పించి బడి వెనకాల నిలబెట్టినారు. చేతికి ఒక పుల్ల ఇచ్చినారు, విల్లంట అది. ఏయ్ చెంచోడా, వేటాడి చూపియ్ రా, చెట్టెక్కి చూపియ్ రా, కోతి మాదిరి అరువు రా అని చుట్టూ మూగి అరుస్తాండారు. ఆ పిల్లోడు చేతులు రెండూ ఎదకు అడ్డం పెట్టుకోని అటు ఇటు చూస్తాండాడు, సందు దొరికితే పారిపోదామని. సందు ఇయ్యలేదు. అందరికంటే పెద్ద గొంతు ఎవరిది అనుకున్నావు? మన వాడిదే. వాడి చేతిలో చొక్కా. ఆ పిల్లోడు తన చొక్కా లాక్కోబోతే వీడు ఇయ్యలా. అప్పుడు తోసినాడు ఆ పిల్లోడు. నేనైతే తోసి ఊరుకునేదాన్ని కాదు.

దాన్ని ఫోన్లలో అందరికీ పంపుకున్నారంట మళ్ళీ. బళ్ళో ఆడపిల్లలు గూడా చూసినారంట.

మజ్జిగ చెంబు ఆడనే పెట్టి మీ మామ దగ్గరికి పోయినా. ఇదిరా నీ కొడుకు చేసింది, నువ్వు తేనె తీసుకోనొచ్చినావు అన్నా. వాడు ఫోన్ చూసినాడు, పూర్తిగా చూసినాడు. చూసి, "ఆటలమ్మా అవి, పిల్లోళ్ళన్నాక ఆడుకుంటారు. మా కాలంలో మేం పడలేదా ఇట్లాంటియి?" అన్నాడు.

నువ్వు పడలేదురా, పడింది మీ మామ అన్నా. మీ మామ అంటే మా తమ్ముడు నారాయణ, నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. వానికి మాట తడబడేది చిన్నప్పుడు. ఆ తడబాటునే బళ్ళో పిల్లోళ్ళు పాట కట్టి వాడెనకాల పాడేవాళ్ళు. అయివారు గూడా నవ్వేవాడు, నవ్వితే ఏం పోయింది ఆయనకు. ఒక ఏడాదికి వాడు నోరు తెరవడమే మానేసినాడు. బడి మాని పలకల గనికి పోయినాడు మార్కాపురం. ఏరా ఆ దుమ్ములో ఏం సుఖపడతావురా అంటే, రాయితో అయితే మాట్లాడే పని లేదక్కా అన్నాడు. పిల్లోళ్ళకు పలకలు కొట్టి ఇచ్చినాడు బతికినన్నాళ్ళూ, వాడికి మాత్రం చదువు లేకపోయె. ఆ పాట పాడినోళ్ళు మాత్రం బాగానే ఉన్నారు, పంచాయితీల్లో పెద్దమనుషులు అయినారు.

సరే, ఆడికి ఊరుకున్నాడా మీ మామ? ఊరుకోలా. చెంచోళ్ళ పిల్లోడి కోసం ఇంట్లో గొడవేంది అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళంతా మండింది.

తెల్లారి దుకాణం కాడ హాస్టల్లో వంట చేసే ఆమె కనపడి చెప్పింది, నాయన వచ్చిన పొద్దే ఆ పిల్లోడు పెట్టె సర్దుకోని ఆయనెంబడి పోయినాడమ్మా, ఇంక రాడంట అని. మీ మామ పొలానికి పోయినాక చరణ్ గాణ్ణి పిలిచినా, చొక్కా తొడుక్కో, పోదాం పా అన్నా. యాడికి అన్నాడు. ఆ సీసా పట్టుకో, చెప్తా అన్నా. ఆటోలో దోవంతా మూతి ముడుచుకోని కూచున్నాడు. రోడ్డు దిగినాక నడకే. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు గదా, కూచుంటా లేస్తా పోయినా.

లింగయ్య ఇంటి ముందర చింతకాయలు కొడతాండాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడినాడు. నేను సీసా ఆయన చేతిలో పెట్టినా, ఇది మీదే, మేం తినేది కాదు అన్నా. నేనేదో న్యాయం చేస్తాండా అనుకుంటాండా. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. వాళ్ళల్లో ఇచ్చిన తేనె తిప్పి ఇచ్చినారంటే కోపం ఇంకా ఉందని, రాజీ లేదని లెక్కంట. నాకేం తెలుసు? "అయ్యకు ఇంకా చల్లారలేదా అమ్మా? చాల్లేదా? ఇంకొకటి పట్టుకోనొస్తా, ఇది తిప్పొద్దు తల్లీ" అంటాండాడు. అది కాదయ్యా అనే లోపల లోపలికి తిరిగి కేకేసినాడు. మల్లన్న వచ్చినాడు. ఆ పిల్లోడి చొక్కా ఎనక నుంచి పైకెత్తి నాకు చూపించినాడు, "నేను గూడా దండించినానమ్మా, చూడు, ఊరికే వదల్లేదు" అని.

వీపంతా వాతలు. కొన్ని నల్లగా, కొన్ని ఇంకా పచ్చిగా. బడోళ్ళు పిలిచినారు గాబట్టి కొడుకుదే తప్పు అనుకోని, ఇంటికి తోలకపోతా అడివి దోవలోనే కొట్టినాడంట. నాకు చూపిస్తాండాడు తల్లీ, నేను సంతోషపడతానని.

మాట్లాడింది చరణ్ గాడే. మామా, అన్నాడు. ఆ పిల్లోడి నాయన్ని మామా అని పిలిచినాడు, నేను చెప్పలా ఆ మాట. "మామా, మల్లన్న ఏం చెయ్యలేదు. మేమే చొక్కా లాక్కున్నాం. నేనే." అంతే అన్నాడు, ఇంక ఏడుపు.

లింగయ్య వాణ్ణి ఒక్క మాట అనలా. ఒక తిట్టన్నా తిట్టలేదే అని నాకు ఇప్పటికీ కోపమే. చేతిలో ఉన్న చొక్కా మెల్లగా కిందికి దించి, కొడుకు వీపు మీద చెయ్యి అట్లనే పెట్టి నిలబడిపోయినాడు. మల్లన్న ఏడవలేదు. "నేను చెప్పినా గదా నాయనా" అన్నాడు, నేల చూసుకుంటా.

మీ మామకు సాయంత్రానికి తెలిసింది. గూడేనికి పోయి నా పరువు తీసినావు అన్నాడు. వాడి పరువంట. ఆ పిల్లోణ్ణి చొక్కా ఇప్పి నిలబెట్టినప్పుడు పోనిది అప్పుడు పోయిందంట. ఆ పొద్దు నుంచే మాటలు లేవు. వాడు హెడ్మాస్టరు దగ్గరికి పోయి, నా కొడుకుదే తప్పు అని నోరు తెరిచి చెప్పిందాకా ఉండవు. నవ్వకు, నేను చస్తే గూడా చెప్పిందాకా లేవను, చూడు.

మల్లన్న వచ్చినాడులే బడికి. వస్తాడని నేను అనుకోలా. ఆ పొద్దు గూడెం నుంచి మేం బయలుదేరతా ఉంటే దోవ దాకా వచ్చి నిలబడినాడు. ఏం నాయనా, బడికి వస్తావా అన్నా. "వస్తా అవ్వా. గాని ఈసారి బడోళ్ళు పిలిస్తే మా నాయనకు చెప్పొద్దు. నువ్వు రా" అన్నాడు.

పదిహేనేళ్ళు గూడా లేవు వాడికి. వాడి నాయన వాడికి ఉన్నాడు, ఆడనే నిలబడి ఉన్నాడు, అయినా నన్ను రమ్మన్నాడు, నిన్నటిదాకా వాణ్ణి తిట్టినదాన్ని.

పోతా. పిలిస్తే పోతా, మోకాళ్ళు పోతే పోనీ... నువ్వు గూడా రేపు యాడనో ఒక బళ్ళో కుర్చీలో కూచుంటావు. కూచోవాల, నీకు మంచి జరగాల, పదిమంది పిల్లోళ్ళు నీ పేరు చెప్పుకోవాల. ఎవరి నాయనకన్నా కబురు పెట్టే ముందు ఆ పిల్లోణ్ణి దగ్గర కూచోబెట్టుకోని, ఏం జరిగింది నాయనా అని అడుగు తల్లీ. అడిగి, వాడు చెప్పిందాకా ఉండు...