సొంత ఎద్దుల మీద ఎదురు పందెం

గురవయ్య అని ఒకడుండేవాడంట. మంచోడే. తాగడు, తిట్టడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు. అట్టాంటోడికి కథేముంటది అంటారా? ఉంటది. ఆ కాయలు వలుస్తా వినండి. వాడికి ఒకటే రోగం, ఏ ఆటా ఊరికే చూడలేడు. చెడుగుడు ఆడతంటే ఎవడు ముందు చస్తాడో అని పందెం. కుస్తీ పడతంటే ఎవడి వీపుకు ముందు మట్టి అంటుద్దో అని పందెం. పిలకాయలు గోలీలాడుకుంటంటే అక్కడ కూడా పోయి చతికిలబడేవాడంట. పోనీ పెద్ద పందేలా అంటే కాదు. కోడిగుడ్డు. ఒకటి, మహా అయితే మూడు. "గుడ్డే గదే నాసరమ్మా! ఏదో ఒకటి కాస్తేనే ఆట మీద చూపు నిలబడుద్ది. లేకపోతే ఉప్పు లేని సంగటి తిన్నట్టు ఉంటది" అనేవాడంట పెళ్ళాంతో. నాసరమ్మకి ఆరు కోళ్ళు. ఆరూ గుడ్లు పెట్టేవే. ఇంట్లో మాత్రం గుడ్డు కనపడితే ఒట్టు. "నేను గంప ఎత్తేలోపల నువ్వు చెయ్యి పెడతావు. కోళ్ళని మేపేది నేను, గుడ్లు తినేది ఆదెయ్య పెళ్ళాం బిడ్డలు" అని మొత్తుకునేదంట. ఆదెయ్య అంటే పక్కింటోడు. గురవయ్యని బావా బావా అంటా ఎనకమాలే తిరిగేవాడు. వాడికీ ఇదే రోగం. మరి గురవయ్య గెలిచిన రోజున గుడ్డు ఇంటికి తెచ్చేవాడు కాదా అంటే, తెచ్చేవాడు. తెచ్చి మర్నాటి పందేనికి దాచేవాడు. ఇంకేం చెప్పేది!

ఇప్పుడు ఏమైందంటే, ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఏటా చెరువు తూము ఎత్తబోయే ముందు ఎద్దుల చేత బండ లాగిస్తారు. ఎవరి జత బండని ఎక్కువ దూరం లాగితే వాళ్ళ పొలానికి మొదటి వంతు నీళ్ళు. తర్వాత కాలువ మొదట్నుంచీ వరసగా పోవాల్సిందే. గురవయ్య అరెకరం మిరప చేను కాలువ చిట్టచివర. మొదటి వంతు దొరికిందా, తెల్లారేసరికి చేను తడుస్తది. దొరకలేదా, ఇరవై రోజులు ఆగాలి. ఆ ఏడు వానల్లేవు. మిరప మొక్క తలొంచేసి ఉంది, ఇంకో వారం కూడా ఆగేట్టు లేదు. ఆ చేను పోతే ఏడాదంతా తినేదానికి లేదనుకో. అందుకని నాసరమ్మ నాలుగు నెలలుగా ఆ ఎద్దుల్నే పట్టుకుని ఉందంట. మైలగాడు, పుల్లగాడు వాటి పేర్లు. తాను గంజి తాగి వాటికి ఉలవలు ఉడకేసింది. పత్తి గింజలు రుబ్బి పెట్టింది. పొద్దున్నే వాగు ఇసకలో తోలించింది. బండ లాగించేదానికి తన తమ్ముడు రోశయ్యని పిలిపించింది. గురవయ్యని పగ్గాలు కూడా ముట్టుకోనియ్యలేదు. "నువ్వు గట్టు మీద కూర్చో, నీ నోరు మూసుకో, అదే పదివేలు" అనిందంట.

కూర్చోమంటే కూర్చున్నాడు. నోరు మూసుకున్నాడా? ఆ రోజు ఊరంతా మైదానంలో ఉంది. చిల్లిగిన్నె నీళ్ళ తొట్టిలో వేస్తారు, అది నిండి మునిగితే ఒక గిన్నె కాలం. జతకి మూడు గిన్నెలు. ముందు యల్లమంద జత లాగింది. యల్లమంద పొలం కాలువ మొదట్లోనే ఉంది, వాడికి మొదటి వంతు ఎందుకో నాకైతే తెలియదు, కానీ వాడి ఎద్దులు గట్టివి. అవి ఆగిన చోట ఎర్రగుడ్డ కట్టి కర్ర పాతారు. తర్వాత మన జత. నాసరమ్మ కాడి కట్టేకాడ నిలబడి ఉంటే ఆదెయ్య వచ్చి, "అక్కా, భయపడమాక. మన జతే గెలుస్తది. నేను మన ఎద్దుల మీదే మూడు గుడ్లు కాశా" అన్నాడంట సంబరంగా. నాసరమ్మ కూడా సంబరపడబోయి ఆగింది. "ఎవరితో కాశావురా?" అనిందంట. "ఎవరితో ఏంది, బావతోనే" అన్నాడు వాడు. అర్థమైందా మీకు? ఆదెయ్య మన ఎద్దులు గెలుస్తయ్ అని కాస్తే, గురవయ్య ఓడతయ్ అని కాసినట్టు. తన ఎద్దులు. తన చేను. ఏందే పాపమ్మా ఆ నవ్వు? నీకు నవ్వొస్తంది, ఆమెకి కడుపు మండింది. పోయి గట్టు మీద మొగుణ్ణి పట్టుకుంది. "ఏం మనిషివయ్యా నువ్వు?" అంటే, వాడు ఎంత నిమ్మళంగా చెప్పాడో వినండి. "అట్టా కాదే, బుర్ర పెట్టి చూడు. మన ఎద్దులు గెలిచాయా, నీళ్ళొస్తయ్. ఓడాయా, గుడ్లొస్తయ్. ఎటు పోయినా ఏదో ఒకటి మన ఇంటికే గదా! రెండూ ఒకేవైపు పెడితే ఓడిన రోజున రెండూ పోతయ్." ఎంత తెలివి! "మూడు గుడ్లు తిని ఏడాదంతా బతుకుతామా?" అనింది నాసరమ్మ. "ఊరికే చూట్టం నా వల్ల కాదే" అన్నాడంట. ఈలోపల గిన్నె వేశారు, కేక పడింది, ఆమె పరిగెత్తింది.

మైలగాడు, పుల్లగాడు లాగినయ్యి చూడు, ఆ లాగుడు! రోశయ్య చెర్నాకోల గాల్లో ఆడిస్తన్నాడే గాని ఒక్క దెబ్బ వేసింది లేదు. ఒక గిన్నె మునిగింది, రెండో గిన్నె మునిగింది. మూడో గిన్నె సగానికొచ్చేసరికి ఎర్రగుడ్డ కర్రకి ఇంకో రెండు బారలు. అప్పుడు ఏమైందంటే, పందెం అనేది పాడుదనుకో, మనిషి మనసుని మెల్లగా అటు లాక్కుపోద్ది. మొదట్లో గురవయ్య "లాగండ్రా నాయనా" అనుకుంటానే ఉన్నాడంట. కర్ర దగ్గరపడే కొద్దీ మనసులో చేను పోయి మూడు గుడ్లు కూర్చున్నాయి. పుల్లగాడికి కాలు కాస్త జారింది, బండ ఒక్క క్షణం ఆగింది. వీడు దిగ్గున లేచి, తువ్వాల గాల్లో ఊపి, "అయిపోయిందిరో! అయిపోయింది!" అని ఒకటే కేక. సంతోషం! ఆ కేక ఏందో తెలుసా? రోజూ దున్నడం అయిపోగానే తువ్వాల ఊపి వాడు పెట్టే కేక అదే. ఐదేళ్ళుగా ఆ కేక వినపడితే ఎద్దులు ఆగుతయ్, మెడలు దించుతయ్, కాడి తీస్తారు. ఆ రోజూ అట్టాగే ఆగినయ్. రెండూ మెడలు దించి, ఇక ఇంటికి పోదామా అన్నట్టు వాడి వైపు తిరిగి చూశాయంట. రోశయ్య అదిలించాడు, బతిమాలాడు, తోకలు మెలేశాడు. కదల్లేదు. యజమాని అయిపోయిందన్నాడుగా! మూడో గిన్నె బుడుంగున మునిగింది.

గురవయ్య ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. రోశయ్య చెర్నాకోల కింద పారేసి, "బావా, మా అక్క నాలుగు నెలలు గంజి తాగింది" అని ఒక్క మాట అని ఊళ్ళోకి పోయాడు. ఆదెయ్య మాట తప్పే మనిషి కాదు, అక్కడికక్కడే మూడు గుడ్లు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. ఊరంతా చూస్తంటే అవి ఎక్కడ దాచుకోవాలో తెలియక వాడు తువ్వాల్లో మూట కట్టుకున్నాడంట. నాసరమ్మ ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే కావిడి బద్ద, రెండు కడవలు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. "వాగులో చెలమ ఉంది. మోయి" అనింది. అంతే.

వాగేమన్నా దగ్గరా? రెండు కావిళ్ళు మోసేసరికి నాలుక బయటికొచ్చింది. చూడబోతే గట్టు మీద ఆదెయ్యా, యల్లమంద తమ్ముడూ, ఇంకో ఆరుగురూ వక్కలు నముల్తా బారుగా కూర్చుని ఉన్నారు. "ఏందిరా?" అన్నాడు గురవయ్య. "ఏంలేదు బావా, పొద్దు నడినెత్తికొచ్చేలోపల నువ్వు పది కావిళ్ళు మోస్తావా మొయ్యవా అని పందెం పెట్టుకుందామని. కానీ కుదరటంలా. అందరం మొయ్యవనే కాస్తన్నాం, మోస్తావని కాసేవాడే దొరకలా" అన్నాడంట ఆదెయ్య. గురవయ్యకి మొహం మాడింది. "ఒక్కడన్నా నా మీద కాయలేదా?" అన్నాడు. "నీ వాటి మీద నువ్వే కాయవు గదా బావా, మేమెట్టా కాస్తాం?" అన్నాడు వాడు. మొక్కల పాదులు సర్దుతా ఉన్న నాసరమ్మ నడుం నిలబెట్టింది. "నేను కాస్తా" అనిందంట. అందరూ నోళ్ళు తెరిచారు. "గుడ్లు నా దగ్గర లేవు. నా మొగుడు మొయ్యలేకపోతే మీ ఎనిమిది మంది చేలల్లో ఈ ఏడు కలుపు నేను తీస్తా, కూలి అడగను. మోస్తే, మా వంతు నీళ్ళు వచ్చేదాకా రోజూ మనిషికి పది కావిళ్ళు నా చేలో పొయ్యాలి. కాస్తారా, పెళ్ళాల్ని అడిగొస్తారా?" ఆ మాట అన్నాక ఇంకేమంటారు? కాశారు. వాడు పదో కావిడి మొయ్యడని వాళ్ళకి అంత నమ్మకం.

గురవయ్య నిలబడ్డాడు. నేనెటు కాయాల అని అడుగుతాడేమో అని నాసరమ్మ వాడి నోటి వంకే చూస్తందంట. నోరు తెరిచాడు గూడా. మళ్ళీ మూసుకున్నాడు. బద్ద భుజానికెత్తుకుని వాగు దిక్కు నడిచాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడోదానికి భుజం తోలు లేచింది. ఎనిమిదోదానికి చేలోనే కూలబడ్డాడు. "అయిపోయిందిరో!" అని గట్టు మీదోళ్ళు తువ్వాళ్ళు ఊపారంట, నిన్న వాడు ఊపినట్టే. ఒళ్ళు భగ్గుమనింది వాడికి. లేచాడు. తొమ్మిది మోశాడు. పొద్దు చూసేదానికి గట్టు మీద పాతిన పుల్ల నీడ ఇంకా జానెడు ఉందనగా పదోది ఎత్తుకున్నాడు. కడవలు ఊగుతన్నాయి, దారంతా ఒలుకుతానే ఉంది. చేలోకొచ్చి మొదటి పాదులో నీళ్ళు కుమ్మరించి ఆ బురదలోనే బోర్లా పడ్డాడు. పుల్ల కింద అప్పటికి ఇంకా వేలెడు నీడ ఉందంట.

ఎనిమిది మందీ ఇరవై రోజులు మోశారు. మొయ్యక ఏం చేస్తారు, పందెంలో మాట తప్పితే రేపు వాళ్ళతో ఎవరు కాస్తారు? మిరప బతికింది. కాయ ఎర్రగా, నిండుగా కాసింది. మరి గురవయ్య బాగుపడ్డాడా అంటారు మీరు. మూడో రోజున నాసరమ్మ చేలోకి పోయేసరికి, వాడు భుజానికి ఆముదం ఆకు కట్టుకుని గట్టు మీద కూర్చుని, ఆదెయ్య కావిడి ముందొస్తదా యల్లమంద తమ్ముడి కావిడి ముందొస్తదా అని దారినపోయే వాడితో గుడ్డు కాస్తన్నాడంట! ఆమె ఏమంటది? ఇంటికెళ్ళి కోళ్ళ గంపకి తాళం వేసింది. మీరు ఇళ్ళకి పోతా అట్టా బడి మైదానం వైపు ఒక చూపు చూడండే. చెడుగుడు ఆడతన్నారంట, మన మగాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఊరికే చూస్తన్నారనుకుంటన్నారా?