పదివేల మేకుల కుర్చీ

టీచరమ్మ తన కుర్చీని ఆటోలోంచి దింపించి, టీ కొట్టు బల్ల పక్కన పెట్టించింది. అమ్మమ్మ నాటి కుర్చీలు ఒకప్పుడు జతగా ఉండేవి. పోయినేడు మొదటిదాన్ని బాగుచేస్తానని తీసుకెళ్ళినవాడెవడో లోపలి గుర్రపు వెంట్రుకలన్నీ పీకి చెత్తలో పోసి, స్పాంజి కూరి తెచ్చిచ్చాడు. ఇప్పుడు అందులో కూర్చుంటే బస్టాండులో కూర్చున్నట్టే ఉంటుంది. మిగిలింది ఇదొక్కటే. దీన్నీ పాడుచేస్తే ఆవిడ తట్టుకోలేదు.

కొట్టుకి అటొకటి ఇటొకటి రెండు దుకాణాలు, రెండూ పాత కుర్చీలు బాగుచేసేవే. కుడివైపు దుకాణంలో ముసలాయన్ని పాత వెంట్రుకలే మళ్ళీ పెడతారా అని అడిగితే తల ఊపి ఊరుకున్నాడు. అందరూ ఆయన్ని మూగాయన అనే పిలుస్తున్నారు. పాపం, మాటలు రావు కాబోలు. ఏం చేస్తాడో నోటితో చెప్పలేని మనిషికి అమ్మమ్మ కుర్చీ ఎలా అప్పగించడం?

ఎడమవైపు దుకాణం కోతల మేస్త్రిది. ఆయనకి ఆ చిక్కు లేదు. అప్పటికే బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"లోపలి వెంట్రుకలు దులిపి మళ్ళీ అవే పెడతారా?" అని అడిగింది టీచరమ్మ.

"అడగాల్సిన మాటే అడిగారమ్మా! దీనికి జవాబు కావాలంటే జడ్జిగారి కుర్చీ సంగతి చెప్పాలి."

"ఇంకో టీ పెట్టనా టీచరమ్మా? ఇది ఇప్పట్లో తేలేది కాదు," అంది టీ కొట్టామె.

"ఏముందమ్మా, చిన్న పనే. మూడొందల ఏళ్ళనాటి కుర్చీ, కూర్చుంటే కిర్రుమంటోంది, మహామహా మేస్త్రులొచ్చి చేతులెత్తేశారు. నేను చెయ్యి కూడా వెయ్యలేదు, చెవి ఆనించానంతే. కుడివైపు మూడో స్ప్రింగు ముడి వదులైందండీ అన్నాను. విప్పి చూస్తే అదే! జడ్జిగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు."

"పోయినసారి నాలుగో స్ప్రింగన్నావు," అన్నాడు ఆటో డ్రైవరు.

"నాలుగోది మర్నాడు తేలింది, నువ్వు తొందరపడకు. సరే, విప్పాం కదా, లోపలి వెంట్రుకలు సగం పురుగు తినేసింది. బజారు సరుకు జడ్జిగారి కింద పెడతామా? పాత వెంట్రుక ఒకటి పట్టుకుని పందెపు గుర్రాల శాలకెళ్ళాను. ఒక్కో గుర్రానికీ వాసన చూపించుకుంటూ పోతున్నాను, ముప్పై గుర్రాలయ్యాయి, అప్పుడొక నల్లగుర్రం దాన్ని వాసన చూసి గొల్లుమంది! ఎందుకో తెలుసా? అది దాని ముత్తాతకి ముత్తాత వెంట్రుక!"

"గుర్రం ఏడ్చిందా?" అంది టీచరమ్మ.

"ఏడ్చి ఊరుకుందా? తనంతట తనే వెనక్కి తిరిగి తోక నా చేతిలో పెట్టింది. కావలసినంత కోసుకోమంది."

టీచరమ్మకి నవ్వాగలేదు. అడిగినదానికి జవాబు ఇంకా రాలేదని తెలుస్తూనే ఉంది, కానీ ఇంత సరదాగా మాట్లాడేవాడు పని మాత్రం చెడగొడతాడా అనిపిస్తోంది. అటు మూగాయన గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోటీ పెదాల మీదికి తెస్తూ, అయస్కాంతపు సుత్తికి అంటించి టక్కున దిగ్గొడుతున్నాడు. మింగేస్తాడేమోనని ఆవిడకి భయమేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" మేస్త్రి గొంతు పెంచాడు. "పద్దెనిమిది స్ప్రింగులు, ఒక్కోదానికి ఎనిమిదేసి ముడులు, పురికొసతో బిగించుకుంటూ వస్తున్నాను. ఆఖరి ముడి ఇంకా వెయ్యలేదు, జడ్జిగారు ఆత్రం పట్టలేక కూర్చున్నారు. ఎగిరారమ్మా! ఇంటికప్పు చీల్చుకుని, చేతిలో కాఫీ కప్పుతో సహా, గద్దలు తిరిగే ఎత్తుకి!"

"కాఫీ ఒలికిందా?" అంది టీ కొట్టామె.

"చుక్క ఒలకలేదు. ఇక్కడ వాళ్ళావిడ ఒకటే గోల. ఆయన కిందపడేలోపు కుర్చీ పూర్తికాకపోతే ఆ ప్రాణం నా మెడకే చుట్టుకుంటుంది కదా! ముడి వేశాను, గోనెగుడ్డ పరిచాను, వెంట్రుకలు సర్దాను, మఖమల్ లాగాను, చుట్టూ మేకులు, ఒకటా రెండా, పదివేలు! చేతులు పని చేస్తూనే ఉన్నాయి, నోరు ఆయనకి ధైర్యం చెబుతూనే ఉంది. భయపడకండి, కళ్ళజోడు పట్టుకోండి, కాళ్ళు ముడుచుకోండి, కుడిపక్క మబ్బు చూడండి ఎంత బాగుందో అని. ఒక్క క్షణం నోరు మూసుంటే ఆయన గుండె ఆగిపోయేది! పదివేలో మేకు కొట్టడం, ఆయన వచ్చి అందులో పడటం ఒకేసారి. ఓ గుక్క కాఫీ తాగి, మెత్తగా ఉందోయ్ అన్నారు. జడ్జిగారిదే చేసినవాణ్ణి, మీదెంతమ్మా!"

మేస్త్రి లేచి కుర్చీని తన దుకాణం వైపు లాగాడు. టీచరమ్మ సరేననబోయింది.

కుడివైపు టకటక ఆగిపోయింది. మూగాయన దగ్గరికి వచ్చి, నోట్లో మేకులు అరచేతిలోకి ఊశాడు.

"ఒక్క మాట," అన్నాడు.

టీచరమ్మ ఉలిక్కిపడింది. ఆయన గొంతు ఖంగుమంటోంది.

"గుర్రం ఏడ్చిందన్నావు, ఏడవనీ. జడ్జిగారు ఎగిరారన్నావు, ఎగరనీ. పదివేల మేకులు కొట్టినంతసేపూ మాట్లాడుతూనే ఉన్నానన్నావు చూడు, మరి మేకులెక్కడ పెట్టుకున్నావు?"

మేస్త్రి నోరు తెరిచాడు. తన దుకాణం వైపు ఓసారి చూశాడు.

"డబ్బాలో," అన్నాడు చివరికి.

"ఒక్కో మేకుకీ డబ్బా దగ్గరికి వంగి లేస్తే జడ్జిగారు ఇంకా పైనే ఉండేవారు."

ఆటో డ్రైవరు నవ్వి నవ్వి బల్ల మీద వాలిపోయాడు. మూగాయన నవ్వలేదు. తడి మేకులున్న అరచెయ్యి మేస్త్రి ముందుకు చాపాడు.

"ఇదిగో, ఇవి నోట్లో పోసుకుని మళ్ళీ మొదట్నుంచి చెప్పు. వింటాను."

మేస్త్రి కుర్చీ మీంచి చెయ్యి తీసి, టీ చల్లారిపోయిందని టీ కొట్టామెని విసుక్కున్నాడు. మూగాయన మేకులు తన నోట్లోనే పోసుకుని వెనక్కి తిరిగాడు.

"లోపలి వెంట్రుకలు దులిపి మళ్ళీ అవే పెడతారా?" అంది టీచరమ్మ గబగబా.

ఆయన తల ఊపాడు.

టీచరమ్మ ఇంకేమీ అడగలేదు. కుర్చీకి ఒకవైపు ఆయన పట్టుకుంటే రెండోవైపు తనే పట్టుకుంది.