నా ఫిట్స్ నేనే చెప్తా

సికింద్రాబాద్‌లో ఒక నరాల డాక్టరు క్లినిక్. పొద్దున పదకొండు గంటల వేళ, వరండా బెంచీ మీద సలోమి, ఆమె పదహారేళ్ళ కూతురు ఫెయిత్. వాళ్ళ టోకెన్ పద్నాలుగు. లోపల పన్నెండు నడుస్తోంది.

"లోపల నువ్వు మాట్లాడకమ్మా. చెప్తున్న గదా, ఇయ్యాల నేనే మాట్లాడత."

"నేను మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారే? ఆరేళ్ళుగా పిల్లల డాక్టరు దగ్గర ఎవరు మాట్లాడారు?"

"నువ్వే. అందుకే అంటున్న. ఆయన నన్ను అడుగుతడు, ఎట్లున్నవ్ బేటా అని. నేను నోరు తెరిచేలోపు నువ్వు షురూ. బాగుంది డాక్టరుగారూ, ఏం రాలేదు డాక్టరుగారూ. ఫిట్స్ వచ్చేది నాకు, జవాబు చెప్పేది నువ్వు."

"మెల్లగా! ఆ మాటేంటి అందరి ముందూ?"

"ఏ మాట? ఫిట్స్?"

"ఫెయిత్!"

"అమ్మా, ఇది నరాల డాక్టరు. ఇక్కడ కూసున్నోళ్ళు ఎవ్వరూ పంటి నొప్పికి రాలే."

"ఆ మూల నీలం చీర ఆవిడ ఉంది చూడు. లాలాగూడలో మన చర్చికి వచ్చే ఆవిడలాగే ఉంది."

"ఉంటే ఉండని. ఆమెకూ ఏదో తక్లీఫ్ ఉన్నది, వచ్చి కూసున్నది. నేను పోయి పలకరించాల్నా?"

"నీకేం తెలుసే లోకం సంగతి? రేపు..."

"రేపు నాకు పెళ్ళి కాదు. అదే గదా? చెప్పు. ఇంటర్ ఫస్టియర్ సుత అయిపోలే, అప్పుడే నా పెళ్ళి పరేషాన్ నీకు."

"నేను పెళ్ళి మాట ఎత్తానా?"

"ఎత్తవ్. ఎప్పుడూ ఎత్తవ్. రేపు అని ఆపేస్తవ్."

"నేను దాచేది నీ కోసమే."

"నా కోసం దాస్తే నాకెందుకమ్మా సిగ్గయితది?"

"... సరే. లోపల ఏం చెప్తావో ముందు నాకు చెప్పు."

"మొన్న స్టేషన్ల అయింది చెప్తా."

"అది ఎండకి కళ్ళు తిరిగి..."

"ఎండనా? పొద్దున ఏడున్నర. ఎంఎంటీఎస్ రైలు కోసం నిలబడ్డ. కళ్ళు తెరిచి చూస్తే ముక్కు దగ్గర ఎవరిదో పాత చెప్పు. చేతిల తాళాల గుత్తులు, ఒకటి గాదు, రెండు. నాలుక కొరుక్కున్న. ప్యాంటు తడిసింది. ఎండకు ఎవరికన్నా గిట్లయితదా?"

"ఆపవే, నీకు దణ్ణం పెడతా."

"ఎవరో ఫోన్ చేస్తే నువ్వొచ్చి వాళ్ళకు ఏం చెప్పినవ్? ఉపవాస ప్రార్థనలో ఉందండీ, నీరసం. నేను ఆ పొద్దున మూడు ఇడ్లీలు తిన్న."

"ఇంకేం చెప్పమంటావ్, గుంపులు గుంపులుగా నిలబడి చూస్తుంటే?"

"ఉన్నది చెప్పు. కాలేజీకి లో బీపీ అని చెప్పినవ్. ఎన్‌సీసీ క్యాంపు ఫారంల జబ్బులేమన్నా ఉన్నయా అని అడిగితే నిల్ అని రాసినవ్. నిల్! పది రోజులు క్యాంపుల ఉంటా. నిద్రల వస్తే పక్కన పండుకున్న పిల్లకు ఏం తెలుస్తది?"

"అందుకే వెళ్ళొద్దన్నాను."

"అందుకే నేను పోయి చెప్పిన."

"... ఎవరికి?"

"మా ఎన్‌సీసీ మేడంకు. శనివారం. ఇంకో ఫారం అడిగి తీసుకొని నా చేత్తోనే నింపిన."

"ఓ ప్రభువా! మీ నాన్నకి తెలుసా?"

"ఫోన్ చేసి చెప్పిన. వర్క్‌షాపు మోతల సగమే వినవడ్డట్టుంది. సరే బేటా అన్నడు."

"ఆయనకేం, అన్నిటికీ సరే అంటాడు. ఇంకా ఎవరెవరికి చెప్పావు?"

"గ్రేసీకి. మా బెంచీల ఇంకో ఇద్దరికి. చెప్పుడే గాదు, నేర్పించిన సుత. నేను పడిపోతే పక్కకు తిప్పుర్రి, తల కింద బ్యాగు పెట్టుర్రి, నోట్ల ఏం పెట్టొద్దు, తాళాలు గీళాలు అసలే వద్దు, టైం చూడుర్రి, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సుకు చెయ్యుర్రి. గ్రేసీ నోటుబుక్కుల రాసుకున్నది."

"ఎవరూ నవ్వలేదా?"

"ఒకామె నవ్వింది. మర్నాడు నా పక్కన కూసోలే. వేరే బెంచీకి పోయింది."

"చూశావా? నేను చెప్తూనే ఉన్నాను."

"చూసిన. బాత్రూంల ఏడ్చిన సుత. అయినా చెప్తా. మళ్ళ ఎవరన్నా పోతే మళ్ళ ఏడుస్తా, మళ్ళ చెప్తా."

"ఎందుకే ఇంత మొండితనం? ఆరేళ్ళుగా మాత్రలు నేనిస్తున్నానా లేదా? నువ్వు చదువుకో, ఇదంతా నేను చూసుకుంటానన్నానా లేదా?"

"గదే అసలు తక్లీఫ్. నువ్వు గుంటూరు ప్రార్థన సభలకు నాలుగు రోజులు పోయినవ్. నేను ఎన్ని గోలీలు వేసుకున్ననో తెలుసా?"

"లెక్కపెట్టి డబ్బాలో పెట్టి వెళ్ళాను కదే!"

"పెట్టినవ్. మొదటి రోజు వేసుకున్న. తర్వాత మూడు రోజులు ఒక్కటి సుత వేసుకోలే."

"ఎందుకని?"

"ఎందుకంటే ఏం చెప్పాలె? ఎవ్వరూ పిలిచి చేతిల పెట్టలే. నాకు యాదికే రాలే. అయిదో రోజు పొద్దున, నువ్వు ఇల్లు చేరంగనే, స్టేషన్ల పడ్డ."

"నాకు చెప్పలేదేంటి? అయ్యో, ఫెయిత్..."

"నీ తప్పంటలేను. నాదే తప్పు. అందుకే ఇగ నుంచి గోలీలు నా దగ్గరే ఉంటయ్. ఫోన్ల అలారం పెట్టుకుంటా. తప్పితే నేనే తప్పినట్టు, డాక్టరు తిడితే నేనే పడతా. నువ్వు జెర దూరం జరుగు అంతే. పొమ్మంటలేను."

"పద్నాలుగు! పద్నాలుగో నంబరు రండి!"

"పద. ఆ సంచీ ఇటివ్వు, నేను పట్టుకుంటా."

"వద్దు. నా రిపోర్టులు నేను పట్టుకోలేనా?"

లోపల, డాక్టర్ కల్పలత గది.

"కూర్చోండి. నా దగ్గరికి ఇదే మొదటిసారి కదూ? ఫెయిత్, ఎలా ఉన్నావమ్మా?"

"బాగానే ఉందండీ డాక్టరుగారూ, ఈమధ్య కొంచెం నీరసం..."

"అమ్మా!"

"ఒక్క నిమిషం. మీ పేరు? సలోమిగారా. సలోమిగారూ, మీరు ఇక్కడే కూర్చోండి, వినండి. పదహారేళ్ళ పిల్ల, తన ఒంటి సంగతి తనే చెప్పడం అలవాటు కావాలి. అడగాల్సినవి ఉంటే మిమ్మల్నీ అడుగుతాను. చెప్పు ఫెయిత్."

"మేడం, ఈ నెల పదకొండో తారీకు వచ్చింది. స్టేషన్ల. మూడు నిమిషాలన్నరు చూసినోళ్ళు. అంతకుముందు మూడు రోజులు గోలీ వేసుకోలే. మర్చిపోయిన."

"దానికి ముందు?"

"జనవరిల ఒకటి, ఇంట్ల. సెప్టెంబర్ల రెండు. అవి మీకు పాత కాగితాలల్ల కనపడవ్. రాలేదని చెప్పినం."

"చెప్పినం అంటే, ఎవరు?"

"... ఇద్దరం మేడం. అమ్మ అన్నది, నేను పక్కన కూసొని ఊకున్న."

"మరి ఇవాళ ఎందుకు చెప్తున్నావు?"

"రాలేదంటే అదే డోసు రాస్తరు. అదే డోసు మింగితే మళ్ళ వస్తది. నాకు క్యాంపుకు పోవాలె. పోనిస్తరా?"

"అది అన్నీ చూశాక చెప్తాను. ఇప్పుడే ఒప్పుకోను, ఇప్పుడే వద్దనను. వచ్చే ముందు నీకేమైనా తెలుస్తుందా?"

"తెలుస్తది. కడుపులకెల్లి ఏదో పైకి లేచినట్టయితది. ఎడమ చెయ్యి జుమ్మంటది. తర్వాత ఏం యాదుండదు."

"ఎప్పటి నుంచి ఇలా?"

"మొదటి నుంచి. అమ్మకు సుత తెల్వదు. ఎవ్వరూ అడగలే."

"ఆరేళ్ళ కాగితాల్లో ఈ ముక్క లేదు. చాలా పనికొచ్చే సంగతి చెప్పావు. చిన్నప్పుడు తలకి దెబ్బలేమైనా?"

"లేదు మేడం."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఫిట్స్ ఉన్నాయా? అమ్మ వైపుగానీ, నాన్న వైపుగానీ?"

"లేదు మేడం. నాకొక్కదానికే."

"కచ్చితంగా తెలుసా?"

"పాత డాక్టరు అడిగినప్పుడల్లా అమ్మ గదే చెప్పింది. ఎవ్వరికీ లేదు."

"సరే. కుటుంబంలో ఎవరికీ లేదని రాస్తున్నాను."

"అలా రాయకండి డాక్టరుగారూ."

"అమ్మా! మళ్ళ షురూ చేసినవా? నేను చెప్తున్న గదా!"

"ఇది నీకు తెలీదే."

"నా సంగతి నాకు తెల్వదా? ఏందది, నాకు తెల్వనిది?"

"ఆగు ఫెయిత్. సలోమిగారూ, కంగారు లేదు, నిదానంగా చెప్పండి. ఎవరికుంది?"

"నాకు. పన్నెండో ఏట నుంచి, ఇప్పటికీ. దీని నాన్నకి కూడా తెలీదు."