కప్పల్ ఏసుదాస్

ఏందమ్మా సుమితా, కరెంటు పోయినప్పట్నుంచి ఆ సెల్లులోనే తలకాయ పెట్టుకోని ఉండావు? ఓడా? యాడ, ఇట్ల తిప్పు, నా కంటికి ఆనాల గదా. ఓహో, యుద్ధం ఓడ. పాతదైపోయిందని పగలగొడతా ఉండారా? ఆమా, అట్లనే పగలగొడతారు. నేను కండ్లారా చూసినాను. అప్పుడు నువ్వు యాడ పుట్టినావు, మీ నాయనే నిక్కరేసుకోని తిరగతా ఉండినాడు. మన గుడియాత్తంలో ఏసుదాస్ అని ఒకాయన ఉండినాడులే, మా ఇంటికి నాలుగిండ్ల అవతల. ఈ పక్కన మిలిట్రీకి పోయినోళ్లు వీధికి పదిమంది ఉంటారు గానీ, మా వీధిలో నేవీలో చేసి రిటైరయి వచ్చినోడు ఆయప్ప ఒక్కడే. అరవంలో ఓడని కప్పల్ అంటారు గదా, అందుకని అందరూ ఆయన్ని కప్పల్ ఏసుదాస్ అనేవాళ్లు. చిత్తూరు నుంచి వచ్చిన మా బామ్మర్ది ఆ పేరు ఇనేసి, 'ఏం బావా, ఆయన కప్పలు పట్టి అమ్ముతాడా?' అని అడిగినాడు. ఇంగ పిలకాయలు ఊరుకుంటారా? ఆయన కనపడితే చాలు, బెకబెక అనేది. ఆయప్ప కోపం చేసుకునే మనిషి కాదు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఇస్త్రీ మడత నలగకుండా గమ్మున నడిచిపోయేవాడు.

ముత్తువాళ్ల టీ అంగట్లో కూర్చున్నాడంటే మాత్రం గమ్మునుండడు. ఆ ఓడ గొప్పలే గొప్పలు. 'సుబ్బరాయులన్నా, మా కప్పల్ పీరంగి ఈడ గుడియాత్తంలో పేలిస్తే గుండు పేర్ణాంబట్టులో పోయి పడతాది, తెలుసునా' అని నాతో అంటాడు. నాకేమో పేర్ణాంబట్టు అంటే తోళ్ల లోడు. అప్పుట్లో నాకు లారీ గదా, తోళ్ల ఫ్యాక్టరీల్లో పదునుచేసిన తోళ్లు ఎత్తుకోని బొంబాయి దాకా పోతా వస్తా ఉండేవాణ్ణి. సరే, ఏం చెప్తా ఉంటిని? ఆ, పాకిస్తాన్ యుద్ధం. ఆ కత ఎన్నిసార్లు చెప్పినాడో. 'రేత్రి, సముద్రమంతా ఎర్రగా మండతా ఉండాది, నేను డెక్కు మీద నిలబడుకోని చూస్తా ఉండాను, మా పీరంగి దడేలుమనింది' అని లేచి నిలబడి మరీ చెప్పేది. జనవరి ఇరవైఆరుకి ఇస్కూల్లో పిలిచి ఆయన చేతనే చెప్పించేవాళ్లు. ఆయన పెండ్లాం కన్నియమ్మ వాకిట్లో బీడీలు చుట్టుకుంటా, 'నన్నెందుకు కట్టుకున్నావయ్యా, ఆ కప్పల్నే కట్టుకోని ఉండొచ్చు గదా' అనేది. ఆయమ్మ సముద్రమే చూడలేదు. 'నిన్ను బొంబాయి తీసకపోయి చూపిస్తా' అని ఆయన, 'చూపించినావులే' అని ఈయమ్మ.

అప్పురం ఏమయిందంటే, ఆ ఓడకి వయసైపోయింది, సర్వీసు నుంచి తీసేసినారు. ఈయన ఊరంతా చెప్పుకున్నాడు, 'దాన్ని మ్యూజియం చేస్తారు, జనాలు టిక్కెట్టు తీసి చూస్తారు' అని. ఎవురు చెప్పినారో ఏమో. నేను ఒకసారి బొంబాయిలో లోడు దించి టీ తాగతా ఉంటే, అక్కడి డ్రైవర్లు ఇదే మాట. పెద్ద యుద్ధం ఓడ ఒకటి పాత ఇనుము కింద ఏలంలో పోయింది, ఆడనే రేవులో కోస్తా ఉండారని. పేరు అడిగితే ఏసుదాస్ చెప్పే పేరే. ఊరికి వచ్చి చెప్పినాను. ఆయన నమ్మలే. 'అది వేరే కప్పల్ అయ్యుంటాది అన్నా' అన్నాడు. కన్నియమ్మ లోపల్నుంచి వచ్చి, 'వేరేదో అదో పోయి చూద్దాం పా, నన్ను తీసకపోతానని ఎన్నేండ్లుగా చెప్తా ఉండావు' అనింది. మల్లీ లోడుకి ఇద్దరూ నా లారీలోనే ఎక్కినారు. దోవంతా ఆయప్ప ఒకటే, అది కాదు, అది కాదు అని.

అదే. దూరం నుంచే గుర్తుపట్టేసినాడు. గట్టుకి ఆనించి పెట్టినారు, ముందు భాగం అప్పటికే లేదు. ఒక పక్కంతా కోసేసినారు, మేడిల్లుకి గోడ తీసేస్తే ఎట్లుంటాది, అట్ల లోపల గదులన్నీ కనపడతా ఉండాయి. మంచాలు, గొట్టాలు, ముఖం కడుక్కునే తొట్టి. గ్యాసుతో కోస్తా ఉంటే నిప్పురవ్వలు నీళ్లలో పడి సుయ్యిమంటా ఉండాయి. ఏసుదాస్ అటు తిరిగి కూర్చున్నాడు. చూడనంటాడు. కన్నియమ్మ సముద్రాన్ని ఒక్క చూపు చూసి, 'ఇంతేనా' అనేసి, 'నువ్వుండిన చోటు నేను చూడాల' అనింది. మేస్త్రీ ఆడోళ్లు పోగూడదన్నాడు. నాకు హిందీ వచ్చు గదా, ఈయన ఈ ఓడలోనే పన్జేసినాడప్పా అని చెప్పినాను. ఆ మేస్త్రీ ఏసుదాస్ ముఖం చూసినాడు. కోత ఆపించి, నిదానంగా పోండి అన్నాడు.

లోపలికి పోయినాము. ఇనప నిచ్చెన దిగి, ఇంగొకటి దిగి. ఆయమ్మ చీర ఎగదోపుకోని దిగతానే ఉండాది. అడుగున పెద్ద పెద్ద బాయిలర్లు, మసి, నూనె వాసన. పక్క కోసినారు కాబట్టి ఎండ లోపలికి పడతా ఉండాది. ఆయమ్మ అడిగింది, 'నీ పీరంగి యాడ?' ఆయన, 'పైన' అన్నాడు. 'నువ్వు యాడ?' ఆయన కాళ్ల కింద ఇనపరేకు చూపించినాడు. 'యుద్ధంలో?' 'యుద్ధంలో కూడా ఈడే. పైన మూత వేసేస్తారు.' 'ఎవురు?' 'మనోళ్లే. ఈడ నీళ్లొస్తే మిగతా కప్పల్ మునక్కుండా.' 'మరి మీరు?' 'మేము లోపల.'

కన్నియమ్మ ఆయన పక్క తిరిగింది. 'డెక్కు మీద నిలబడుకోని చూసినానంటివి?' 'చూసినోళ్లు చెప్తే ఇన్నాను. తెల్లారినాక మమ్మల్ని పైకి వదిలినారు.' 'ఆ రేత్రంతా ఏం చేస్తా ఉండావు?' 'మంట చూసుకుంటా ఉండాను. ఆవిరి తగ్గితే కప్పల్ నిలిచిపోతాది. పైన దుడుందుడుమని శబ్దం వస్తాది. అది మనం కొట్టేదో, మనల్ని కొట్టేదో తెలీదు.' ఆయమ్మ మెల్లిగా అడిగింది, 'అందుకేనా ఇంట్లో తలుపుకి గొళ్లెం పెట్టనీవు?' ఆయన తలెత్తి, పైన కోసేసిన కంతలో నుంచి కనపడే ఆకాశాన్ని చూస్తా నిలబడినాడు.

తిరిగొచ్చేటప్పుడు లారీలో, 'అన్నా, ఈ మాట ఊర్లో వద్దు, నవ్వుతారు' అన్నాడు. 'నవ్వేదానికి ఏముండాది దాంట్లో?' అని ఆయమ్మ గొడవ పెట్టుకునింది. సరే, నేను ఎవురికీ చెప్పలే. ఆయన కూడా చెప్పలే, ఆ పాత కత కూడా మల్ల ఎత్తలే. టీ అంగడికి రావడం తగ్గించేసినాడు. ఇస్కూలోళ్లు పిలిస్తే ఒళ్లు బాగలేదనేవాడు. ఓడ పోయిన దిగులని ఊరంతా అనుకునింది. అట్లనే ఏండ్లు జరిగిపోయినాయి, గుండెనొప్పి వచ్చి వేలూరు ఆసుపత్రికి తీసకపోతే ఆడనే పోయినాడు.

మట్టి చేసేరోజు రిటైరయిన మిలిట్రీవాళ్ల సంఘం పెద్దాయన వేలూరు పక్కనుండే సత్తువాచారి నుంచి వచ్చినాడు. పెట్టె మీద జెండా కప్పి, చర్చి అయ్యగారు ప్రార్థన చేసినాక, మాట్లాడేదానికి నిలబడినాడు. 'మన ఏసుదాస్ డెక్కు మీద నిలబడి, పీరంగితో శత్రువు ఓడల్ని' అని ఎత్తుకున్నాడో లేదో, కన్నియమ్మ లేచింది. 'పీరంగి కాదయ్యా. ఆయన అడుగున ఉండినాడు. పైన మూత వేసేసినారు. లోపల మంట ఆరిపోకుండా చూసుకున్నాడు. అది చెప్పు.' ఎవురన్నా నవ్వుతారేమోనని నేను చుట్టూ చూసినాను. ఆ పెద్దాయన టోపీ తీసి చేతిలో పెట్టుకున్నాడు. 'అమ్మా, ఈ సంగతి మాకెవురికీ తెలీదే, మీకు ఎవురు చెప్పినారు?' అన్నాడు. 'ఎవురో చెప్పేదేంది? నేనే దిగి చూసొచ్చినాను' అనింది.

ఆ... కరెంటు వచ్చినట్టుండాది. పోమ్మా, పోయి మోటరు వెయ్యి.