ఇంట్లోవాళ్లకు థాంక్స్

చైనాలోని చెంగ్డూలో ఒక వంటింట్లో తల్లీకూతుళ్లు పందిమాంసం కూరి కుడుములు చుడుతున్నారు. కూతురు ఉంటున్న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నుంచి, ఆమెను పెళ్లాడతానంటూ వచ్చిన డంకన్ ముందుగదిలో కూర్చున్నాడు. తల్లి ఇంకా ఔననలేదు.

“జీతమెంత బాబూ అంటే, మీ ఊళ్లో వానలు బాగా పడతాయా అన్నాడే. ఏం దాస్తున్నాడు?”

“ఏమీ దాయట్లేదమ్మా. వాళ్లలో జీతం అడగరు.”

“ఇందాక చూసుకోక నేనే వాడి కాలు తొక్కాను. సారీ మాత్రం వాడు చెప్పాడు. ఏ తప్పూ చెయ్యనివాడు సారీ ఎందుకంటాడు?”

“అలవాటమ్మా. కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నా సారీ అంటారు.”

“నవ్వకు. నీళ్లిస్తే థాంక్స్, కుర్చీ వేస్తే థాంక్స్, కూర వడ్డిస్తే థాంక్స్! ఇన్నేళ్ల కాపురంలో మీ నాన్న నాకొక్కసారి చెప్పాడా? ఇంట్లోవాళ్లకెవరైనా చెప్తారటే? పరాయివాళ్లకి చెప్తారు. వీడు మనలో కలిసే రకం కాదు. నిన్ను కూడా పరాయిదాన్ని చేసేస్తాడు.”

“ఎవరూ నన్నేమీ చెయ్యలేరు. అక్కడ కూడా వేడినీళ్లే తాగుతున్నా, చెప్పులు విప్పే ఇంట్లోకొస్తున్నా. నేనేం మారానో చెప్పు?”

“మారలేదులే. ఆ మాట మీదే ఔనందామనుకుంటున్నా. ఇదిగో, ఈ కుడుము తిని ఉప్పు చూడు. ఊదుకో, నోరు కాలుతుంది.”

“సరిగ్గా సరిపోయింది. థాంక్సమ్మా.”

సగం చుట్టిన కుడుము తల్లి చేతిలోనే ఉండిపోయింది.

“ఇప్పుడేమన్నావే నువ్వు?”