ముందు నిలబడ్డది నేనే

ఇట్ల ఫ్యాన్ కిందికి జరుగు వనితా, పిల్లకు చెమట పడుతుంది. ఏమన్నవ్? పెర్పేతువమ్మ ఎవరా? రేపు పొద్దున పిల్లకు జ్ఞానస్నానం పెట్టుకొని ఇయ్యాల ఆమె ముచ్చట ఎందుకు నీకు? ఓ, పేరా. పిల్లకు ఆ పేరు పెడతవా? నీకు నువ్వే అనుకున్నవా, మీ అమ్మ చెప్పిందా? నాగరాణే చెప్పి ఉంటది. అందుకే పొద్దున సూర్యాపేట బస్సు ఎక్కంగ నా మొకం సూడలే. అమ్మమ్మ సరే అంటేనే పెడదాం అన్నదా? అడగనీకి తనకు నోరు రాక నిన్ను పంపింది. నేను కన్న బిడ్డ అది, దాని ఉపాయాలు నాకు తెల్వయా. మీ ఆయన నాగేష్ ఫోన్ల సూసి తీసిన పేరే నయముండె. నోరు తిరగదు గాని, అందుల ఎవల ముచ్చట లేదు. ఆ నాగేష్ ఒకడు, కోదాడ పిలగాడు, ‘అమ్మమ్మ గారండీ, మీరెలా అంటే అలాగేనండి’ అంటడు. గట్ల అనెటోళ్లే వాళ్లకు కావలసింది చేసుకొనిపోతరు.

సరే, అడిగినవు కాబట్టి విను. ఆమెకు ఇంట్ల పేరు రేణుక, చర్చి పేరు పెర్పేతువ. నేను ఇంట్ల కాటమ్మను, చర్చిల ఫెలిసితను. మా ఇద్దరికీ ఆ పేర్లు ఒక్కనాడే వచ్చినయ్. ఎనిమిదేండ్లు ఉంటయ్ మాకు. అప్పుడు మన ఊర్లె చర్చి అంటే తాటాకు పాక. ఇటలీ ఫాదర్ రెండు నెలలకోసారి మోటార్‌సైకిల్ మీద వచ్చెటోడు, తెల్ల అంగీ ఎర్రగై వచ్చేది దుమ్ముకు. ఏ నాడు వస్తే ఆ నాడు ఏ పునీతుల పండుగ ఉన్నదో పుస్తకంల సూసి ఆ పేరే పెట్టుడు ఆయన పద్ధతి. ఆ నాడు పుస్తకంల ఇద్దరు ఆడోళ్లు, ఒక్కటే పండుగ. అప్పుడు మార్చి ఆరున చేసెటోళ్లు, తర్వాత ఏడుకు మార్చిండ్రు. తారీకైతే మార్చిండ్రు గాని, ఇద్దరి పేర్ల వరుస మాత్రం ఎవలు మార్చలే.

వరుసల ముందు నిలబడ్డది నేనే, రాసిపెట్టుకో. నా వెనుక రేణుక. ఫాదర్ చెంబు పట్టుకొని వస్తుండు. అప్పుడే మా నాయన బయట యాపచెట్టు కింద బీడీ నోట్ల పెట్టుకొని, ‘ఏయ్, అగ్గిపెట్టె యాడ పెట్టినవే’ అని కేకేసిండు. మా అమ్మ నా రెట్ట పట్టి పక్కకు గుంజి, ‘ఉరుకు, ఇంట్ల పొయ్యి కాడ ఉంటది, తెచ్చియ్యి’ అన్నది. దేవుడు ఆగాలె గాని మొగోని బీడీ ఆగొద్దు. నేను ఉరికి తెచ్చిచ్చి వచ్చేసరికి రేణుక తల తడిసి ఉన్నది. ‘ఈ అమ్మాయి పెర్పేతువ’ అన్నడు ఫాదర్, పుస్తకంల ఉన్నట్టు మాట్లాడెటోడు ఆయన. నన్ను సూసి, ‘ఈ అమ్మాయి ఫెలిసిత. మంచిది’ అన్నడు. ఏం మంచిది?

ఆళ్ల కథ తెల్వదా నీకు? ఇంగ్లీషు మీడియం సదివి ఏం నేర్సినవే. ఆఫ్రికాల కార్తేజి అని ఒక పట్నం. పెర్పేతువ పెద్దింటి బిడ్డ, ఇరవై రెండేండ్లది, సంకల పాలు తాగే కొడుకు. ఫెలిసిత దాసి, కడుపుతో ఉన్నది. ఏసును ఒప్పుకున్నందుకు ఇద్దర్నీ జైల్లేసి, మృగాల ముందు వదిలెయ్యాలని తీర్పు చెప్పిండ్రు. ఫాదర్ రాని నాడు ప్రార్థన నడిపే సైదయ్య ఉపదేశి యేటేటా ఈ కథ సదువుకుంట, ‘దాసి’ అనే కాడ కండ్లజోడు పైకెత్తి నా దిక్కు సూసెటోడు. ఇప్పుడు నువ్వే చెప్పు. మాకు బాయి కింద రెండెకరాలు. రేణుకోళ్లకు గుంటెడు లేదు, వాళ్లమ్మ మా పొలంల నాటు వెయ్యనీకి వచ్చేది. దొరసాని పేరేమో దానికాయె, దాసి పేరు నాకాయె. నవ్వుతవేందే? నీకు నవ్వులాట, నా కడుపు మాత్రం ఇంకా మండుతది.

అంతటితోని అయిందా, దండ ఒకటి ఉండె. ఈ పండుగ ఎక్కువ తపస్సుకాలంల, ఈస్టర్ ముందటి ఉపాసాల దినాలల్లనే పడతది, అప్పుడు చర్చిల పూలు పెట్టొద్దు. మన ఆడోళ్లు ఏం చేసిండ్రంటే, యాసంగి పొలాలు ఈనినయ్ కద, వరికంకులు తెంపి దండ అల్లి, ఇద్దరు పునీతురాండ్లున్న పటానికి వేసిండ్రు. పూజ అయినంక దాన్ని తీసి ఆ పేరున్న మనిషి మెడల ఎయ్యాలె. పటం ఒక్కటి, దండ ఒక్కటి, మేమేమో ఇద్దరం. సైదయ్య ‘పునీత పెర్పేతువా, పునీత ఫెలిసితా’ అని సదివి, మొదటి పేరు ఎవలదో వాళ్ల మెడల ఏసెటోడు. ప్రతి యేడూ అంతే. అది దండ ఏసుకొని ఊరంత తిరుగుతుంటే నేను వెనుక కొబ్బరిచిప్పల గంప పట్టుకొని నడిసేది.

సదువు కూడ నేర్సింది అది. సిస్టర్లు మధ్యానం పూట ఆడోళ్లకు అక్షరాలు చెప్తమన్నరు. వాళ్లాయన జైరాం బర్రెలు కాసెటోడు, ‘పో, నాకు కూడ ఉత్తరాలు సదివి పెడుదువు’ అన్నడట. మీ తాత ఏమన్నడో తెల్సా? ‘నువ్వు సదివితే గిన్నెలు నేను కడగాల్నా’ అన్నడు. అయిపోయె. రేణుక చర్చిల నిలబడి వాక్యం సదివేది, ఒక్క తప్పు పోకుంట. ఆ పునీతురాలు గూడ జైల్ల కూసొని తన కథ తానే రాసుకున్నదట. రాసుకున్నోళ్ల పేరే ముందు వస్తది బిడ్డా. ఫెలిసిత ఏం రాయలే, పక్కనున్నోళ్లకు యాదికున్న రెండు మాటలే మిగిలినయ్.

అసలు ముచ్చట చెప్పమంటవా? చెప్త ఆగు, నీళ్లియ్యి. ఫెలిసిత జైల్లనే కన్నది, ఎనిమిదో నెలల. నొప్పులకు అరుస్తుంటే కాపలాగాడు, ‘ఇప్పుడే గిట్ల ఏడుస్తున్నవ్, మృగాల ముందర ఏం చేస్తవే’ అని నవ్విండట. నేను గూడ ఎనిమిదో నెలలనే కన్న మీ అమ్మను, కలుపు తీస్తుంటె నొప్పులొచ్చినయ్. మా అత్త ‘గింత దానికి ఊరంత వినపడాల్నా’ అన్నది. కాపలాగాండ్లు అంతట ఉంటరు. పిల్ల పిల్లికూనంత ఉన్నది, నాకు పాలు పడలే. దవాఖాన అంటే మిర్యాలగూడకు బండి కట్టుకొని పోవాలె. రేణుకకు అప్పటికి మూడు నెలల కొడుకు. పిలవకుంటనే వచ్చింది. గడపల కూసొని, ‘తే కాటమ్మా, వీడు ఒక దిక్కు తాగుతడు, ఇది ఒక దిక్కు తాగుతది’ అన్నది. ఎనిమిది నెలలు ఇచ్చింది పాలు. నేను గోడకు ఒరిగి సూసుకుంట ఉండేది. నా బిడ్డ దాని రొమ్ము మీద చెయ్యేసి పండేది, నేను ఎత్తుకుంటే ఏడిసేది. ఎవరన్న ‘రేణుక దేవత’ అంటే నాకు ఆ పాలల్ల ఉప్పెయ్యాలనిపించేది. ఏందట్ల సూస్తున్నవ్? పాలిచ్చినోళ్లందరు మంచోళ్లు, పాలు రానిదాని కడుపు మంట ఎవలకు గావాలె.

ఆ ఫెలిసిత బిడ్డను గూడ వేరే ఆమెనే సాదిందట. అయితే ఆ ఫెలిసితకు అది కండ్లార సూసే బాధ తప్పింది, మృగాలు నయం. నాకు తప్పలే. నాగరాణి మాటలు నేర్సినంక రేణుకను పాలమ్మ అని పిలిచేది. ఏడేండ్లప్పుడు పండుగనాడు సైదయ్య ముచ్చటపడి, ‘ఈసారి దండ చిన్నపిల్లతోని ఏపిద్దాం, పాపా, నీకు ఇష్టమొచ్చినట్టు ఎయ్యి’ అని మీ అమ్మ చేతికిచ్చిండు. పేరు సదవలే ఆ నాడు. నేను, రేణుక పక్కపక్కన నిలబడ్డం. నేను మెడ జర వంచిన గూడ. మీ అమ్మ నా ముందర నుంచే పోయి దాని మెడల ఏసింది.

సాయంత్రం వచ్చింది రేణుక, దండను నడిమికి తెంపి సగం పట్టుకొని. ‘చిన్నపిల్ల కద కాటమ్మా, ఇది నీది’ అన్నది. తీసుకున్న. తీసుకొని అది సూస్తుండంగనే బర్రెకు ఏసిన. రేణుకేమో, ‘పోనీ, బర్రె గూడ పండుగ చేసుకున్నది’ అని నవ్వుకుంట పోయింది. అది ఏడ్సినా నాకు ఇంత బాధ ఉండకపోయేది.

నీకు ఏడాది ఉన్నప్పుడు సచ్చిపోయింది రేణుక. కామెర్లు. ఆఖరుకు మీ అమ్మ దాని తల ఒళ్లె పెట్టుకొని కూసున్నది, నేను గుమ్మం బయట. మరుసటేడు దండ నా మెడల పడ్డది. ఇంకెవరున్నరు ఏసుకోనీకి. పడంగనే తెల్సింది, అది గుచ్చుతదని. వరి నూగు మెడంత గీసుకపోతది, రెండు రోజులు దద్దుర్లు, కొబ్బరినూనె రాస్తే గాని తగ్గవు. ముప్పై ఎనిమిదేండ్లు ఏసుకున్నది అది, ఒక్కనాడు చెప్పలే. చెప్పొచ్చు కద. ‘కాటమ్మా, ఇది వట్టి దురద’ అంటే నేను అన్నేండ్లు...

కార్తేజిల ఆ ఇద్దర్నీ ఆఖరుకు పిచ్చి ఆవు ముందట వదిలిండ్రట. ఆవు ఎగరేసి కొట్టింది. పెర్పేతువ లేచి తన జుట్టు ముడేసుకొని, పడి ఉన్న ఫెలిసితను సూసి, పోయి చెయ్యిచ్చి లేపిందట. సైదయ్య అది సదవంగ రేణుక నా దిక్కు సూసేది. నేను చాపల పుల్లలు గిల్లుకుంట కూసునేది.

పెట్టుకో. ఆ పేరే పెట్టు. మీ అమ్మకు నేను మెత్తబడ్డనని చెప్పకు. వరుసల ముందు నిలబడ్డది నేను, అగ్గిపెట్టె అడగకపోతే ఆ పేరు నాకు రావలసినది. రేణుక పేరు కాదది, నాది. నా పేరు నా ఇంటికి వస్తుంది, అంతే. సిస్టర్ సీతాబాయి చర్చి పుస్తకంల రాసేటప్పుడు సూసుకో, దీర్ఘం తప్పు రాస్తదట ఆమె.

లేచిందా పిల్ల? ఆకలైతుంది, పాలియ్యి. ఆ గోడ దిక్కు తిరగకు, నేనేం సూస్తలేను. రేపు ఆ పండుగే గద, పేరు కూడ కలిసింది అని ఆ దండ పిల్ల మెడల ఏస్తమంటరు. ఎయ్యనియ్యకు. గుచ్చుతది.