సంతరోజు మాత్ర

హోసూరు ఆస్పత్రిలో కీళ్లవాతం మాత్రల లెక్క చూసే నర్సు ముందు, ఉద్దనపల్లి నుంచి వచ్చిన ఆమె ఖాళీ అట్టలు పెట్టింది.

"వారానికి ఒకటి, ఎనిమిది వారాలకు ఎనిమిది. ఒక్కటన్నా మరవలేదా అక్కా?"

"సంతరోజు మింగుతానమ్మా. సంతను ఎవురు మరుస్తారు?"

"లెక్క ఇంత సరిగ్గా ఉంటేనే నాకు అనుమానం. మిగిలిన మాత్రలు పారేసి ఉత్త అట్టలు తెచ్చేవాళ్లు ఉండారు."

"పోయినసారి నేనూ అట్లే చేసినాను. ఈసారి నిజంగా మింగినాను. ఈ సంచిలో చూడు."

"కనకాంబరాల దండ. కొన్నావా?"

"నేనే కట్టినాను. రెండేళ్లకు ఈ వేళ్లతో ముడి పడింది. కొన్న దండ ఇంత వంకరగా ఉంటుందా?"

"ఉండదులే అక్కా."

"అయితే లెక్క రాసుకో."

"రాస్తాను. ముందు ఆ వంకర దండ నా జడలో పెట్టు."